అమ్మకు పళ్లు కట్టించాం

అమ్మకు షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. మూడు నెలలకోసారి డాక్టర్‌కు చూపిస్తాం. రక్తపరీక్షలు, బీపీ, పాదాలకు స్పర్శ ఉందా లేదా, కిడ్నీలు, ఏడాదికోసారి కంటి రెటీనా, ఏదీ వదలరు. ఓపిగ్గా మాట్లాడే మనిషి. అయినా ఇన్నేళ్లలో ‘ఏదమ్మా, ఒకసారి నోరు తెరువు’ అన్న రోజు లేదు. అమ్మ కూడా చెప్పలేదు. పళ్లు కదులుతున్నాయని షుగర్ డాక్టర్‌కు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

సంగతి పట్టుకున్నది అక్క. సంక్రాంతికి సకినాలు చేస్తే అమ్మ ఒక్కటీ ముట్టలేదు. అడిగితే ‘షుగర్ కదా’ అంది. సకినంలో చక్కెర ఎక్కడిది? అక్క ఊరుకునే రకం కాదు, కూర్చోబెట్టి ఆరా తీసింది. జొన్నరొట్టె మానేసి ఎన్నాళ్లయిందో అమ్మకే గుర్తు లేదు. మటన్ వండిన రోజు పులుసు పోసుకుంటుంది తప్ప ముక్క వేసుకోదు. ముందు పళ్లు రెండు చేత్తో ఊపితే ఊగుతున్నాయి.

మా కాలనీలోని క్లినిక్‌లో ఓపీజీ తీశారు. రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో పడే ఎక్స్‌రే అది. డాక్టర్ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. పళ్లు పుచ్చలేదు, వాటిని పట్టుకుని ఉండాల్సిన ఎముకే చాలా మేర కరిగిపోయింది. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లలో చీము, వాపు ఉంటే షుగర్ అదుపులోకి రాదు, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి అన్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే చిగుళ్లు శుభ్రం చేసి నిలబెట్టేవాళ్లమనీ, ఇప్పుడు అన్నీ తీసేయక తప్పదనీ తేల్చాడు.

తర్వాత రిసెప్షన్ అమ్మాయి ఎస్టిమేట్ కాగితం తెచ్చింది. ఎముకలోకి దించే ఇంప్లాంట్లు పెట్టి కదలని పళ్లు బిగించడానికి నాలుగున్నర లక్షలు. ఈఎంఐ ఉంది, నెలాఖరులోపు అయితే డిస్కౌంటూ ఉంది. తీసి పెట్టుకునే సెట్టు గురించి మేం అడిగితే గానీ చెప్పలేదు. అది పాతికవేలట, అదీ మొహమాటంగా అన్నారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఊడిన పళ్లు కట్టించుకోవాలంటే మాత్రం ఏ రాయి పడితే ఆ రాయి పనికిరాదు. క్లినిక్‌వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. కుర్చీ, ఎక్స్‌రే మిషను, అద్దె, అసిస్టెంట్ల జీతాలు, అన్నీ పేషెంట్ జేబు నుంచే రావాలి. వాళ్లకు ఇంకో దారి పెట్టిన వాళ్లెవరూ లేరు. కానీ అరవై ఎనిమిదేళ్ల మనిషికి, ఆ షుగర్ మీద, ఎముకలో స్క్రూలు దించుతామంటే నాకు ధైర్యం చాలలేదు.

మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరుంది. ఐదు లక్షల పాలసీ. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: ‘యాక్సిడెంట్‌లో పళ్లు విరిగి హాస్పిటల్‌లో అడ్మిట్ అయితే ఉంటుంది సార్. మామూలు డెంటల్ కవర్ కాదు.’ పాలసీ కాగితాలు తీసి చదివాను, అదే రాసి ఉంది. తర్వాత స్నేహితుల పాలసీలు కూడా అడిగి చూశాను. అడ్మిట్ కాకుండా చూపించుకునే ఓపీడీ ఖర్చులకని వేరే ప్రీమియం కట్టినవాళ్లకు తప్ప అందరిదీ దాదాపు అదే వాక్యం. మన ఇన్సూరెన్స్ అంతా మంచం చుట్టూ తిరుగుతుంది. ఇరవై నాలుగు గంటలు అడ్మిట్ కావాలి, లేదా అదే రోజు ఇంటికి పంపించే డే కేర్ జాబితాలో ఉన్న ఆపరేషన్ అయినా కావాలి. పళ్ల డాక్టర్ దగ్గర ఉండేది మంచం కాదు, కుర్చీ. ఇవాళ అరగంట, పది రోజుల తర్వాత ఇంకో అరగంట. బిల్లు కూడా అలా ముక్కలు ముక్కలుగానే వస్తుంది.

అమ్మకు తెల్ల కార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ కూడా కనుక్కున్నాం. ఈ పథకం మీద నాకు గౌరవం ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితి పది లక్షలకు పెంచారు. మా మేనమామ గుండె ఆపరేషన్ దాని కిందే అయింది, రూపాయి పెట్టలేదు. డెస్క్ దగ్గరున్న ఆరోగ్యమిత్ర వివరంగా చెప్పాడు: దవడ విరిగితే ఉంది, నోటి క్యాన్సర్ ఆపరేషన్‌కు ఉంది, పళ్ల సెట్టుకు లేదు.

‘అంటే దవడ ఇరగ్గొట్టుకొని రావాల్నా బిడ్డా?’ అంది అమ్మ. ఆ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు.

మా పక్కింటి అబ్బాయి బీడీఎస్, అంటే పళ్ల డాక్టర్ చదువు చదివాడు. ఐదేళ్ల కోర్సు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కొన్నాళ్లు ఎవరి క్లినిక్‌లోనో పనిచేస్తే బండి పెట్రోలుకు, ఫోన్ రీచార్జికి సరిపోయేంత ఇచ్చేవాళ్లట. సొంత క్లినిక్ పెట్టాలంటే అప్పు. ఇప్పుడు హైటెక్ సిటీలో మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు. అమెరికా ఆస్పత్రుల బిల్లులకు కోడ్లు వేసి ఇన్సూరెన్స్‌కు పంపే పని. వాళ్ల బ్యాచ్‌లో చాలామంది అటే పోయారట. నేను గోడు వెళ్లబోసుకుంటే నవ్వేశాడు. ‘అమెరికాలోనూ ఇదే గొడవన్నా. ముసలివాళ్లకు మెడికేర్ పెట్టింది 1965లో. మామూలు పళ్ల వైద్యం దాంట్లో లేదు, అప్పుడే పక్కన పెట్టేశారు’ అన్నాడు. పళ్ల చదువు మొదటి నుంచీ వేరు కుంపటే అని చెప్పుకొచ్చాడు. 1840లో బాల్టిమోర్‌లో డెంటల్ కాలేజీ విడిగా పెట్టారు. మన దగ్గర 1920లో కలకత్తాలో డాక్టర్ ఆర్. అహ్మద్ పెట్టిందీ విడి కాలేజీయే. 1948లో డెంటిస్టుల చట్టం విడిగా వచ్చింది. 2023లో దాని స్థానంలో తెచ్చిన నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం కూడా మెడికల్ కమిషన్‌తో కలవకుండా విడిగానే ఉంది. ‘కాలేజీ వేరు, చట్టం వేరు, బిల్లు వేరు. నోరొక్కటే మనిషికి అతుక్కుని ఉంది’ అన్నాడు. వీడు కోడింగ్‌లో వృథా అవుతున్నాడనిపించింది.

డెంటల్ కాలేజీకి తీసుకుపొమ్మని సలహా ఇచ్చింది అతనే. ‘టైమ్ పడుతుందన్నా, తిప్పుతారు. కానీ పద్ధతి ప్రకారం చేస్తారు, ఎందుకంటే పనిచేసేది స్టూడెంట్లే అయినా ప్రతి స్టెప్పు మీద పాఠం చెప్పే మేడమ్ సంతకం కావాలి.’

ఆ మాట అక్షరాలా నిజం. పేరు రాయను గానీ సిటీలోని ఒక డెంటల్ కాలేజీకి పోయాం. ఓపీ చిట్టీ, ఓరల్ మెడిసిన్‌లో కేస్ షీట్, అక్కణ్నుంచి ఎక్స్‌రే, అక్కణ్నుంచి చిగుళ్ల విభాగం, అక్కణ్నుంచి పళ్లు తీసే సర్జరీ విభాగం. ప్రతిచోటా ఒక లైను, ప్రతి లైను చివర ఒక కొత్త స్టూడెంటు, మళ్లీ మొదటి నుంచి అవే ప్రశ్నలు. ఒకరోజు లిఫ్టు లేదు, ఒకరోజు కంప్రెసర్ చెడిపోయి కుర్చీలేవీ పనిచేయలేదు, అందర్నీ మరో తేదీ వేసి పంపించేశారు. మేమంటే సిటీలో ఉన్నాం. అదే లైన్లో అచ్చంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఏమీ అనకుండా చిట్టీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

సర్జరీవాళ్లు పళ్లు తీయడానికి ముందు ఒక ఉత్తరం అడిగారు. షుగర్ ఎంతుంది, పళ్లు తీయొచ్చా, అమ్మ వేసుకునే ఎకోస్ప్రిన్ కొనసాగించాలా వద్దా అని షుగర్ డాక్టర్ రాసివ్వాలి. రక్తం పలచబడే మాత్ర సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడగకుండా అస్సలు ఆపొద్దని గట్టిగా చెప్పారు. ఇది మంచి పద్ధతి. కానీ ఒకే మనిషి గురించి ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాలంటే మధ్యలో నేను చేతిలో కాగితం పట్టుకుని తిరగాలి. మా డాక్టర్ లెటర్‌హెడ్ మీద మూడు ముక్కలు గీకాడు, అవతలివాళ్లకు ఆ రాత అర్థం కాలేదు, మళ్లీ పోయి టైప్ చేయించుకొచ్చాను.

పళ్లు ఒకేసారి తీయలేదు, ఒక్కో వైపు చొప్పున తీశారు. ఆ తర్వాత చిగుళ్లు మాని, గట్టిపడే దాకా ఆగాలి. ఈ నెలలే అన్నిటికన్నా కష్టం. పళ్లు లేని మనిషి ఏం తింటుంది? మెత్తగా కలిపిన అన్నం, జావ, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు. కూరగాయ ముక్కలు, పల్లీలు, మొలకలు, షుగర్ వాళ్లను తినమని చెప్పేవన్నీ నమలాల్సినవే. తర్వాతి పరీక్షలో షుగర్ ఎగబాకింది. ‘ఏం తింటున్నారమ్మా?’ అని మా డాక్టర్ కాస్త కోపంగానే అడిగాడు. అమ్మ జవాబు చెప్పకుండా నోరు తెరిచి చూపించింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మందు డోసు మార్చాడు. రాగిజావ మానేసి మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, పెరుగు, మిక్సీ పట్టిన ఆకుకూర తినమని జాబితా రాసిచ్చాడు. ఆ జాబితా పళ్లు తీసినచోటే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!

చిగుళ్లు మానాక ప్రోస్థోడాంటిక్స్‌కు, అంటే పళ్లు కట్టే విభాగానికి పంపారు. అక్కడ అమ్మ కేసు ఒక అమ్మాయికి అప్పజెప్పారు. బీడీఎస్ ఫైనలియర్. అమ్మను చూసి ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఎందుకో రెండోసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఈ స్టూడెంట్లకు కోటా ఉంటుంది. ఇన్ని పూర్తి సెట్లు చేస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. సెట్టు అంటే చాలాసార్లు రావాల్సిన పని. సగంలో పేషెంట్ మానేస్తే అప్పటిదాకా చేసిందంతా వృథా, కొత్త మనిషిని వెతుక్కోవాలి. కొందరు పిల్లలు పేషెంట్లకు బస్సు చార్జీలు, ఫీజు కూడా సొంత డబ్బులే కడతారట. ‘అమ్మమ్మా, ఎల్లుండి తప్పకుండా రావాలి, నీ మీదే ఉంది నా పరీక్ష’ అని ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. జబ్బు ఉన్నవాళ్లు వైద్యానికి బతిమాలుకోవడం చూశాను గానీ, వైద్యం చేసేవాళ్లు ఇలా బతిమాలడం అక్కడే చూశాను.

పని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. మొదట ఎర్రటి మైనం లాంటి కాంపౌండును వేడినీళ్లలో మెత్తబరిచి, ట్రేలో పెట్టి చిగుళ్ల అచ్చు తీసింది. దాంతో పీఓపీ దిమ్మ పోసి, అమ్మ దవడ కొలతకే ప్రత్యేకంగా ఒక ట్రే తయారుచేసింది. తర్వాత ఆకుపచ్చ కడ్డీ ఒకటి స్పిరిట్ దీపం మంట మీద కరిగించి ట్రే అంచుకు కొద్దికొద్దిగా పూస్తూ, నోట్లో పెట్టి, ‘అమ్మమ్మా బుగ్గలు లాగు, పెదాలు ముందుకు పెట్టు, నాలుక బయటపెట్టు’ అంటూ అంచులు దిద్దింది. బుగ్గ, నాలుక, పెదవి కదిలినప్పుడు సెట్టు లేచిపోకుండా ఉండటానికే ఈ అవస్థంతా. చివరి అచ్చు లవంగనూనె వాసన వచ్చే పేస్టుతో తీశారు. అమ్మకు అదొక్కటే నచ్చింది. మేడమ్ ఆ అచ్చు చూసి, ఒక మూల గాలిబుడగ ఉందని మళ్లీ తీయించింది. క్లినిక్‌లో అయితే ఇంత పట్టింపు ఉంటుందా అనిపించింది. ఉండేవాళ్లూ ఉంటారు, ఉండని వాళ్లూ ఉంటారు.

ఇంకో రోజు మైనం దిమ్మలు నోట్లో పెట్టి పై దవడకూ కింది దవడకూ మధ్య ఎత్తు కొలిచారు. పళ్లన్నీ పోయాక నోరు ఎక్కడ మూసుకోవాలో మనిషికే తెలియదు. గుటక వేయించి, నాలుక కొనను అంగిలి వెనక్కి పెట్టించి, అదే చోటు మళ్లీ మళ్లీ వస్తుందో లేదో చూశారు. పలుకు సరిగా వస్తోందా అని చూడటానికి ఆ పిల్ల పుస్తకంలో ఉన్నట్టు ‘సిక్స్టీ సిక్స్’ అనమంది. అమ్మ తడబడింది. వెనక నుంచి పీజీ డాక్టర్ వచ్చి ‘సరస్వతి, సీసా, సీతాఫలం అనమ్మా’ అంది. అమ్మ గడగడా అనేసింది.

ఆ పీజీ డాక్టర్ కర్ణాటకలో బీడీఎస్ చదివిందట. అక్కడ 2014లో దంతభాగ్య అని పథకం పెట్టారు, పేద వృద్ధులకు ఉచితంగా సెట్లు కట్టిస్తారు. తను చదువుకునేటప్పుడు ఆ పథకం కింద వచ్చిన వాళ్లకు కట్టానని చెప్పింది. కేరళలో కూడా ‘మందహాసం’ అని ఇలాంటిదే ఉంది. అంటే ఇది అసాధ్యమైన కోరికేం కాదు, ఖజానాలు ఖాళీ అయ్యే పనీ కాదు. పెద్ద ఆపరేషన్‌కు లక్షలిచ్చే పథకంలో కొన్ని వేల రూపాయల పని ఇమడకపోవడమే నాకు అర్థం కానిది. ఆపరేషన్‌కు ఒక తేదీ, ఒక బిల్లు, ఒక డిశ్చార్జి కాగితం ఉంటాయి, లెక్క తేలిక. సెట్టుకు అవేవీ ఉండవు. నాకు తోచిన కారణం ఇదొక్కటే.

రంగు ఎంచే రోజు గురించి చెప్పాలి. ఒక పట్టీకి వరసగా నమూనా పళ్లు తగిలించి ఉంటాయి, ఒక్కోదాని మీద ఏ1, ఏ2, ఏ3 అని నెంబరు. ఆ పిల్ల అద్దం ఇచ్చి, తెల్లటి పన్ను ఒకటి అమ్మ పెదవి దగ్గర పెట్టి చూపించింది.

‘గంత తెల్లగ వద్దు బిడ్డా. ఊర్ల అందరు నవ్వుతరు.’

అమ్మ పుట్టిందీ పెరిగిందీ నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ బావుల నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటారు, అక్కడ అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగారు. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే ఆ మరక పడిపోతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. అమ్మ ఈడువాళ్లందరివీ గోధుమరంగు చారల పళ్లే. పెళ్లి సంబంధాల్లో పళ్లు చూసి ఏ ఊరో చెప్పేవాళ్లట. మా అక్క మనవడు కృష్ణ నీళ్లు వచ్చాక పుట్టాడు, వాడి పళ్లు చూసి అమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది. అలాంటి మనిషి తన వంతు వచ్చేసరికి తెల్ల పళ్లు వద్దంది. అన్నిటికంటే ముదురు నమూనా వైపు వేలు చూపించింది. ఆ పిల్లకు ఏం చేయాలో తోచక మేడమ్‌ను పిలిచింది. మేడమ్ రెండు మూడు పెట్టి చూసి, ‘ఈ వయసుకు ఏ3.5 బాగుంటుంది, అమ్మ అన్నదే కరెక్టు’ అని సంతకం చేసింది.

మైనంలో పళ్లు అమర్చి ఒకసారి పెట్టి చూపిస్తారు. మార్పులేమైనా అప్పుడే చెప్పాలి, అక్రిలిక్‌లో ఉడికించాక మార్చడం కుదరదు. ఎవరైనా వెళ్తే ఆ రోజు ఇంట్లో ఇంకొకర్ని వెంట తీసుకెళ్లండి. పేషెంటు మొహమాటపడి అన్నిటికీ బాగుందనే అంటారు. అక్క వచ్చింది కాబట్టి పై పెదవి ఉబ్బెత్తుగా ఉందని పట్టుకుంది. పళ్లు కాస్త వెనక్కి జరిపారు.

సెట్టు చేతికొచ్చాక కష్టాలు లేవని కాదు. మొదటి వారం కింది సెట్టు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. రెండు మూడుసార్లు పోతే ఒత్తుకునేచోట అరగదీశారు. పైసెట్టు అంగిలికి పట్టుకుని బాగానే నిలబడుతుంది. కింద ఎముక మిగిలింది తక్కువ, పైగా నాలుక నెడుతూ ఉంటుంది, అందుకే అది కదులుతుంది. ఎవరు చేసినా కింది సెట్టుతో ఈ తంటా ఉంటుందని ముందే చెప్పారు. రాత్రి తీసి నీళ్లలో వేయాలి. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, మెత్తటి బ్రష్, సబ్బునీళ్లు చాలు. రెండు వైపులా సమంగా నమలాలి. అమ్మ నెల రోజులు విసుక్కుంది, ఆ తర్వాత పప్పు గుత్తితో మెదపడం మానేశాం.

మొత్తం లెక్క వేస్తే కాలేజీకి కట్టింది రెండు వేల లోపే. అంతకు రెట్టింపు ఆటోలకు, క్యాబులకు అయింది. నేను పెట్టిన సెలవులు లెక్కలోకి రాలేదు. మొన్న ఊరికి పోతే చిన్నమ్మ అమ్మ నోట్లో సెట్టు తీయించి చేత్తో పట్టుకుని చూసింది. ఆమెకూ సగం పళ్లు లేవు. ఊరి పీహెచ్‌సీలో పళ్లు చూసే డాక్టర్ లేడు, పంటి నొప్పి అంటే మాత్ర ఇచ్చి పంపిస్తారు. రోజూ సిటీకి వచ్చిపోవడం కుదరదు కాబట్టి మా ఇంట్లోనే ఉండాలి. వరికోతలు అయ్యాక వస్తానంది. ఆ పీజీ డాక్టర్‌కు ఫోన్ చేస్తే, జూనియర్లకు కేసులు కావాలి, వెంటనే తీసుకురమ్మంది. చిన్నమ్మకు బీపీ ఉంది, రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటుంది. బయల్దేరే ముందే అక్కడి డాక్టర్‌తో ఉత్తరం రాయించి తెచ్చుకోమని చెప్పాను, టైప్ చేసి.